హిమోగ్లోబిన్ బాగానే ఉందన్నారు, మరి రాత్రిళ్లు ఈ కాళ్ల గోలేంటి?

ప్రశ్న: నా వయసు 42. ఖమ్మం దగ్గర ఒక ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని. ఏడాదిగా రాత్రి పడుకోగానే కాళ్లలో ఏదో గుంజుతున్నట్టు, లోపల పాకుతున్నట్టు ఉంటోంది. నొప్పి అని చెప్పలేను, కానీ కాళ్లు కదపకుండా ఉండలేను. లేచి హాల్లో తిరిగితే పోతుంది, పడుకుంటే మళ్లీ మొదలు. ఒంటిగంట, రెండింటి దాకా ఇదే వరస. తెల్లవారుజామున మాత్రం మంచి నిద్ర పడుతుంది, అప్పటికి లేవాల్సిన టైమ్ అవుతుంది. డాక్టర్ గారు రక్తపరీక్ష చేయించి హిమోగ్లోబిన్ 12.1 ఉంది, షుగర్ లేదు, అంతా నార్మల్, టెన్షన్ తగ్గించుకోమన్నారు. కాల్షియం, బీ12 మాత్రలు రాశారు, తేడా లేదు. నిద్ర కోసం మెడికల్ షాపులో ఇచ్చిన జలుబు మాత్ర వేసుకుంటున్నాను, అయినా అంతే. పొద్దున థైరాయిడ్ మాత్ర వాడతాను. నెలసరిలో బ్లీడింగ్ ఎక్కువే. మా అమ్మకూ ఇలాగే ఉండేది, చిన్నప్పుడు మాతో కాళ్లు తొక్కించుకునేది. కాళ్లు ఊపితే ఇంటికి అరిష్టమని మా అత్తగారు, అన్నీ ఎక్కువ ఆలోచిస్తావని మావారు. వచ్చే నెల పెళ్లికి రాత్రి బస్సులో విశాఖ వెళ్లాలి, ఇప్పటినుంచే భయంగా ఉంది. ఇదేమైనా నరాల జబ్బా? ఏం చేయాలి?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ముందు నా కంట్లో పడింది ఆ జలుబు మాత్ర. ఈ రాత్రి నుంచే దాన్ని పక్కన పెట్టండి. నిద్ర పట్టట్లేదంటే షాపువాళ్లు చేతిలో పెట్టే జలుబు, దురద మాత్రల్లో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ లాంటి మందులుంటాయి. వీటికి మగత వచ్చే మాట నిజమే, కానీ మీకున్నట్టు కాళ్ల సమస్య ఉన్నవాళ్లకి అవి ఆ సమస్యని పెంచుతాయి. కళ్లేమో మూతలు పడుతుంటాయి, కాళ్లేమో పడుకోనివ్వవు, మనిషి అటూ ఇటూ కాకుండా పోతాడు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో మందు పేరు ఉంటుంది, ఒకసారి చదవండి, ఈ మూడింటిలో ఏదైనా కనిపిస్తే మీ రాత్రుల్లో కొంత పాపం దానిదే. ఇక ముందు జలుబు చేసినా, దద్దుర్లు వచ్చినా డాక్టర్‌కి కాళ్ల సంగతి చెప్పి, మగత రాని రకం రాయించుకోండి.

ఇక అసలు సంగతికి వద్దాం. మీరు రాసినదాన్ని బట్టి ఇది రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అనే జబ్బులాగే ఉంది. దీనికి స్కానింగులు, కాళ్ల ఎక్స్‌రేలు అక్కర్లేదు, మనిషి చెప్పే మాటల్లోనే జబ్బు దొరికిపోతుంది. కాళ్లు కదపాలనే ఆపుకోలేని తహతహ ఉండాలి, కూర్చున్నా పడుకున్నా అది మొదలవ్వాలి లేదా పెరగాలి, లేచి తిరిగితే తిరిగినంతసేపైనా తగ్గాలి, పగటికన్నా సాయంత్రం, రాత్రి ఎక్కువ ఉండాలి, ఇదంతా ఇంకో జబ్బు వల్ల అనిపించకూడదు. మీరు ఈ పేరు వినకుండానే ఇవన్నీ వరసగా రాశారు. తెల్లవారుజామున నిద్ర పడుతుందన్న మాట కూడా దీనికి సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే ఈ గోల సాయంత్రం మొదలై అర్ధరాత్రి చుట్టుపక్కల బాగా పెరిగి, తెల్లారేసరికి సద్దుమణుగుతుంది. మీ అమ్మగారికి ఉండటం మరో ఆధారం. చిన్న వయసులో, అంటే ఓ 45 లోపు మొదలైనవాళ్లలో ఇది కుటుంబాల్లో నడవడం బాగా ఎక్కువ.

నరాల జబ్బా అని అడిగారు. మెదడుకి, నరాలకి సంబంధించిందే, కానీ కాళ్లు పడిపోయే రకం కాదు, పక్షవాతానికి దారి తీసేదీ కాదు, ఆ భయం వదిలేయండి. అర్ధరాత్రి పిక్క కండ గట్టిగా రాయిలా బిగుసుకుపోయి, ప్రాణం పోయేంత నొప్పితో కేక పెట్టించేది వేరు, అది కండరం పట్టేయడం. షుగర్ ఉన్నవాళ్లకి అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు, సూదులు గుచ్చడం వేరు, అది పగలూ రాత్రీ ఉంటుంది, లేచి నడిచినంత మాత్రాన పోదు. మీకు ఈ రెండూ కావు. కాల్షియం, బీ12 పనిచేయకపోవడంలో వింత కూడా లేదు, అవి రెండూ మీ సమస్యకి అసలు మందులు కావు కదా.

ఇప్పుడు ఆ 12.1 గురించి. ఈ జబ్బులో అందరూ బోర్లా పడేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ 12 దాటితే రక్తహీనత లేదని అర్థం, అంతవరకు మీ డాక్టర్ గారు చెప్పింది తప్పు కాదు. కానీ హిమోగ్లోబిన్ అంటే పళ్లెంలో వడ్డించిన అన్నం, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ అంటే గాదెలో ఉన్న ధాన్యం. గాదె అడుగంటినా కొన్నాళ్ల పాటు పళ్లెంలోకి అన్నం వస్తూనే ఉంటుంది, చూసేవాళ్లకి ఇంట్లో లోటున్నట్టే తెలియదు. ఒంట్లో ఇనుము నిల్వలు తగ్గినప్పుడు ముందు పడిపోయేది ఫెరిటిన్, హిమోగ్లోబిన్ వంతు చాలా తర్వాత వస్తుంది. మెదడులో డోపమైన్ అనే రసాయనం తయారవ్వాలన్నా, సరిగ్గా పనిచేయాలన్నా ఇనుము కావాలి, అది చాలనప్పుడు కాళ్లలో ఈ తహతహ మొదలవుతుంది. డోపమైన్ పనితీరు రాత్రిపూట ఎటూ తగ్గుముఖం పడుతుంది కాబట్టి గోల కూడా రాత్రే ఎక్కువ.

కాబట్టి మీరు చేయించుకోవాల్సిన పరీక్ష ఫెరిటిన్. దాంతోపాటు సీరమ్ ఐరన్, టీఐబీసీ, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఇనుముని మోసే ప్రోటీన్ ఎంత శాతం నిండిందన్న లెక్క) కూడా రాయమని అడగండి, ఐరన్ ప్రొఫైల్ అంటే ల్యాబ్‌లో వాళ్లకి అర్థమవుతుంది. పొద్దున్నే పరగడుపున ఇవ్వండి, ముందు రోజు ఐరన్ ఉన్న మాత్ర ఏదీ వేసుకోకండి. జ్వరంగానీ ఇన్ఫెక్షన్‌గానీ ఉంటే అది తగ్గాక వెళ్లండి, ఎందుకంటే ఒంట్లో వాపు, జ్వరం ఉన్నప్పుడు ఫెరిటిన్ అబద్ధంగా పెరిగి కనిపిస్తుంది, ఆ కాగితం చూసి మళ్లీ అంతా నార్మల్ అనేస్తారు.

రిపోర్ట్ వచ్చాక ఇంకో తిరకాసు ఉంది. ల్యాబ్ కాగితం మీద ఆడవాళ్లకి ఫెరిటిన్ నార్మల్ అని పది, పదిహేను దగ్గర్నుంచే మొదలుపెట్టి వేస్తారు. మీకు 22 వచ్చిందనుకోండి, పక్కన ఎర్ర గుర్తు ఉండదు, చూసినవాళ్లు బాగానే ఉందంటారు. ఈ కాళ్ల జబ్బుకి లెక్క వేరు. మిల్లీలీటరుకి 75 నానోగ్రాములు లేదా అంతకంటే తక్కువ ఉన్నా, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 20 శాతం లోపు ఉన్నా ఇనుము ఇవ్వాలన్నది నిద్ర వైద్య నిపుణులు పాటించే పద్ధతి. ఈ 75 అంకె గుర్తుపెట్టుకోండి, ఫోన్లో రాసుకుని వెళ్లి డాక్టర్‌కి చూపించండి, అందులో మొహమాటం ఏమీ లేదు. నెలనెలా బ్లీడింగ్ ఎక్కువ, సాయంత్రాలు స్టాఫ్‌రూమ్ టీలు (మీరు రాయలేదు గానీ టీచర్లు కదా, ఉండే ఉంటాయి, టీ ఇనుముని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు), ఇవన్నీ కలిపి చూస్తే మీ ఫెరిటిన్ 75 దాటి ఉంటుందని నేనైతే అనుకోను.

తక్కువ వస్తే ఐరన్ మాత్ర రాస్తారు. దాన్ని వేసుకునే తీరులోనే సగం ఫలితం ఉంది. మీరు పొద్దున థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు కాబట్టి దానికీ ఐరన్‌కీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టదు. కాల్షియం మాత్ర కూడా ఐరన్‌తో కలిపి వేసుకోకూడదు, ఇప్పుడు రెండూ ఒకేసారి మింగేవాళ్లు ఎంతమందో. టీ, కాఫీ, పాలు ఐరన్‌కి ముందూ వెనకా గంట, రెండు గంటలు వద్దు. ఖాళీ కడుపున నిమ్మరసంతోనో, విటమిన్ సీ మాత్రతోనో వేసుకుంటే బాగా పడుతుంది. మీ విషయంలో స్కూల్ నుంచి వచ్చాక, మధ్యాహ్నం తిన్నది అరిగిపోయి, రాత్రి భోజనానికి టైమ్ ఉన్న ఆ సాయంత్రం వేళ కుదురుతుందేమో చూడండి, అప్పుడు టీ మానాలి మరి. విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడకండి. మలబద్ధకం, వికారం మరీ ఎక్కువైతే రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టర్‌ని అడగండి, అలా వేసుకున్నా ఇనుము బాగానే పడుతుంది. వారం వాడి తేడా లేదని ఆపేయకండి, ఇది నెలల పని, ఓ మూడు నెలల తర్వాత మళ్లీ ఫెరిటిన్ చూడాలి. మాత్రలు కడుపుకి పడకపోయినా, వాడినా నిల్వ పెరగకపోయినా సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కించే ఐరన్ ఉంది, అందులో ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ రకానికి ఈ జబ్బులో మంచి ఆధారాలున్నాయి, అది ఆసుపత్రిలోనే చేయించుకోవాలి.

పరీక్ష లేకుండా మాత్రం ఐరన్ మాత్రలు కొనుక్కుని మింగకండి. తలసీమియా లాంటి రక్త సమస్యలున్న కొందరిలో ఇనుము ఇప్పటికే పేరుకుపోయి ఉంటుంది, వాళ్లకి అది విషం.

బెల్లం, రాగిజావ, ఖర్జూరం, గోంగూర అని మీకు ఇప్పటికే పదిమంది చెప్పి ఉంటారు. తినండి, మంచివే. కానీ అడుగంటిన నిల్వ వాటితో నిండదు, నెలనెలా పోయేదానికి కూడా అవి సరిపోవు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టేది తక్కువ. మాంసం తినేవాళ్లయితే కార్జం, మటన్ మేలు. ఇన్ని పెట్టి లాభమేంటి, ఒక పక్క నుంచి కారిపోతుంటే? ఆ బ్లీడింగ్ సంగతి గైనకాలజిస్ట్‌కి చూపించుకోండి. గంటకో ప్యాడ్ తడుస్తున్నా, గడ్డలు పడుతున్నా, ఏడు రోజులు దాటుతున్నా అది ఆడవాళ్లకి మామూలేలే అని సర్దుకుపోయే విషయం కాదు. ఫైబ్రాయిడ్లు, అంటే గర్భసంచిలో కణితులు, ఉండొచ్చు, ఇంకేదో ఉండొచ్చు, చూస్తేగానీ తెలియదు. పైల్స్ నుంచి రక్తం పోతున్నా అదీ చెప్పండి.

మీవారికీ, అత్తగారికీ ఓ మాట. 1672లోనే ఇంగ్లండ్ డాక్టర్ థామస్ విల్లిస్, రాత్రి పడుకోగానే కాళ్లూ చేతులూ ఎగిరిపడుతూ, నిద్రపోలేక చిత్రహింస పడే రోగుల గురించి రాశాడు. 1945లో స్వీడన్‌కి చెందిన కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ దీన్ని ఒక జబ్బుగా వివరంగా రాసి, ఇప్పుడున్న పేరు పెట్టాడు. 1950ల్లోనే దీనికి ఐరన్ ఎక్కించి చూశారు. అంటే ఇది కొత్తగా పుట్టిన వింత కాదు, తోచక చేసే పని అంతకంటే కాదు. కాళ్లు ఊపకపోతే ఇంటికి శుభమో కాదో నాకు తెలియదు గానీ, ఈ జబ్బున్న మనిషిని కాళ్లు ఊపకుండా ఆపితే ఆ మనిషికి మాత్రం నరకం. టెన్షన్ వల్ల నిద్ర చెడి గోల కాస్త పెరగొచ్చు, నిజమే, కానీ ఏడాదిగా సరిగ్గా నిద్రలేని మనిషికి టెన్షన్ రాకుండా ఉంటుందా? చాలాసార్లు కారణం అనుకునేది ఫలితం. ఇంకో సంగతి, ఈ జబ్బున్నవాళ్లలో ఎక్కువమందికి నిద్రలో కూడా కాళ్లు ఉండుండి విదిలించుకుంటాయి, పక్కన పడుకున్నవాళ్లకే అది తెలుస్తుంది. మీవారిని ఊరికే విసుక్కోకుండా ఒకటి రెండు రాత్రులు గమనించి చెప్పమనండి, డాక్టర్‌కి అది పనికొచ్చే సమాచారం.

ఇనుము నిండేదాకా రాత్రులు ఎలా గడపాలి? సాయంత్రం నాలుగు తర్వాత టీ, కాఫీ, కూల్‌డ్రింకులు ఆపి రెండు వారాలు చూడండి, అందరికీ కాకపోయినా కొందరికి తేడా తెలుస్తుంది. పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లతో స్నానం కొందరికి, చన్నీళ్లు కాళ్ల మీద పోసుకోవడం కొందరికి హాయినిస్తుంది, మీ కాళ్లు ఏది ఒప్పుకుంటాయో మీరే చూసుకోవాలి. గోడకి చేతులానించి ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకి ఆనించి పిక్క సాగదీయడం, కాళ్లు పిసికించుకోవడం, ఇవన్నీ మంచివే. మీ అమ్మగారు పిల్లలతో తొక్కించుకున్నది కూడా ఈ బాధకి దొరికిన వైద్యమే. రోజూ సాయంత్రం అరగంట నడక మంచిది, కానీ ఎన్నడూ లేనిది రాత్రి తొమ్మిదింటికి స్కిప్పింగులు, ఎగరడాలు మొదలుపెడితే గోల పెరుగుతుంది. కొందరు పాత చీర ముక్కతో పిక్కల మీద కట్టు కట్టుకుని పడుకుంటారు. వదులుగా అయితే అభ్యంతరం లేదు, రక్తం ఆగేంత బిగించి నిద్రపోవడం మాత్రం ప్రమాదం, షుగర్ ఉన్నవాళ్లు, కాళ్లలో రక్తనాళాలు ఉబ్బినవాళ్లు ఆ జోలికే పోవద్దు.

గోల మొదలయ్యాక పట్టుదలగా పడుకుని ఓర్చుకోవడం దండగ. లేవండి. తిరగండి. ఇంకో చిట్కా, మెదడుకి పని పెడితే కాళ్లు కాస్త ఊరుకుంటాయి, టీవీ ముందు ఊరికే కూర్చున్నప్పుడు వచ్చేంత గోల పదకేళి నింపుతున్నప్పుడో, పిల్లల పేపర్లు దిద్దుతున్నప్పుడో రాదు. మీరు కావాలంటే ఆ దిద్దుడు పనంతా రాత్రి తొమ్మిదింటికి పెట్టుకుని, వంటింట్లో నిలబడి చేసే పనులు అంతకు ముందే ముగించుకోండి. సెలవు రోజుల్లో తెల్లవారుజామున పట్టిన నిద్రని ఎవరూ చెడగొట్టకుండా చూసుకోండి, ఆ రెండు గంటలు పోతే మర్నాడు రాత్రి ఇంకా ఘోరంగా ఉంటుంది.

ఇనుము సరిచేశాక కూడా వారంలో చాలా రాత్రులు ఇలాగే గడుస్తుంటే అప్పుడు న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. మందులున్నాయి, బాగా పనిచేస్తాయి కూడా. ఒక జాగ్రత్త చెప్పి ఊరుకుంటాను. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ అని పార్కిన్‌సన్స్ జబ్బుకి వాడే మందులు దీనికీ రాస్తారు. మొదటి రాత్రే అద్భుతం జరిగినట్టుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ కొందరిలో గోల రాత్రి పదికి బదులు సాయంత్రం ఐదుకే, ఆ తర్వాత మధ్యాహ్నానికే మొదలవుతుంది, చేతులకీ పాకుతుంది, మోతాదు పెంచితే ఇంకా పెరుగుతుంది. మరికొందరిలో జూదం, అదుపు లేని షాపింగ్ లాంటి పిచ్చి కోరికలు పుడతాయి, అది మందు వల్ల అని ఇంట్లోవాళ్లకి తట్టదు. 2025 జనవరిలో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ ప్రచురించిన మార్గదర్శకాల్లో ఈ మందుల్ని మామూలుగా వాడొద్దనే చెప్పారు, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ రకాలకి ముందు చోటిచ్చారు. వాటికీ మగత, తల తిరగడం, బరువు పెరగడం లాంటివి ఉన్నాయి, కిడ్నీ సమస్య ఉంటే మోతాదు తగ్గించాలి. మొదటి రకం మందులు ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఎవరైనా ఇది చదివి రేపట్నుంచి ఆపేయకండి, ఒక్కసారిగా ఆపితే రాత్రులు భరించలేనంత అవుతాయి, డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా తగ్గించుకోవాలి. డిప్రెషన్ మందులు, వాంతులకి వాడే మెటోక్లోప్రమైడ్ కూడా కొందరికి కాళ్ల గోల పెంచుతాయి, వాటి విషయంలోనూ అంతే, అడగకుండా ఆపొద్దు.

పెళ్లి ప్రయాణం సంగతి. రాత్రి బస్సు వద్దు. స్లీపర్ బస్సు అయితే మరీ వద్దు, పడుకోవడం తప్ప అందులో లేచి నిలబడే దారి లేదు, సరిగ్గా మీ గోల పెరిగే వేళంతా ఆ పెట్టెలో గడుస్తుంది. పొద్దున బయల్దేరే రైలు చూసుకోండి, నడవా పక్క సీటు అడగండి, గంటకోసారి తలుపు దాకా వెళ్లి రండి. రాత్రి రైలే తప్పదంటే కింది బెర్త్ తీసుకోండి, ఎవర్నీ లేపకుండా దిగి తిరగొచ్చు. ఆ రోజు ప్రయాణం పడదని దారిలో వాంతుల మాత్ర, మగత మాత్ర వేసుకోకండి, పైన చెప్పిన మందులే మళ్లీ అందులో ఉండొచ్చు.

మీ అమ్మగారు ఇప్పుడెలా ఉన్నారో రాయలేదు. ఉంటే ఆవిడకి కూడా ఫెరిటిన్ చేయించండి, పెద్ద వయసు కాబట్టి క్రియాటినిన్ కూడా కలపండి, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ. ఆవిడ వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి డాక్టర్ ముందు పెట్టండి. ఆ వయసులో ఇనుము తక్కువ వస్తే కారణం నెలసరి కాదు, కడుపులోనో పేగుల్లోనో ఎక్కడైనా రక్తం పోతోందేమో చూడాలి, ఐరన్ మాత్ర రాయించుకుని అక్కడితో వదిలేయకండి.